చిటికెన వేలూ సాల్మన్ తోకా

అమ్మయ్య, అయిపోయింది. ఇన్నేళ్ళూ పొద్దున్న లేస్తే ఎవరో ఒకరి వేళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు నా వేళ్ళతో నేను కాఫీ గ్లాసు పట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తున్నాను. రిటైరయితే ఏమీ తోచదని భయపెట్టినవాళ్ళంతా అబద్ధాలకోర్లు. నాకు శుభ్రంగా తోస్తోంది.

మాది నరసాపురం. విశాఖపట్నంలో ఫిజియోథెరపీ చదివి, అక్కడే కొన్నాళ్ళు పనిచేసి, మా ఆయన ప్రసాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పుణ్యమా అని ఈ దేశం వచ్చాను. వాట్‌ఫర్డ్‌లో పదేళ్ళు, ఆ తరవాత స్కాట్లండ్ సరిహద్దుకి దగ్గర్లో ఒక ఆసుపత్రిలో మిగతా సర్వీసంతా హ్యాండ్ థెరపిస్టుగా చేశాను. తెగిన, విరిగిన, నలిగిన చేతుల్ని సర్జన్లు కుట్టి పంపిస్తే, ఆ చేతులతో మళ్ళీ చొక్కా బొత్తాలు పెట్టించడం, పిండి కలిపించడం, స్టీరింగ్ తిప్పించడం నా ఉద్యోగం.

ఈ మధ్య మన పిల్లలు చాలామంది ఈ పనిలోకి వస్తున్నారు. "ఆంటీ, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? జీతం బ్యాండ్ ఎప్పుడు పెరుగుతుంది? డ్యూటీల రోటా ఎలా ఉంటుంది?" అని ఫోన్లు. అవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు, వెబ్‌సైట్‌లో ఉంటాయి. వెబ్‌సైట్‌లో లేనిది ఒకటుంది. నేను చేసిన తప్పుల్లో ఒకదాని వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయేదాకా వచ్చింది. అది ఎలా జరిగిందో, ఎలా తప్పిందో ఇక్కడ రాస్తాను. చేతుల గురించి మీకు కాలేజీలో చెప్తారు. నోటి గురించి ఎవరూ చెప్పరు.

అర్థమైందా అని అడక్కండి

ముందు వాట్‌ఫర్డ్‌లో నా మొదటి బాస్ మార్గరెట్ సంగతి. సన్నగా, పొడుగ్గా, నవ్వడానికి డబ్బులడిగే రకం. నేను పేషెంటుతో మాట్లాడుతుంటే కర్టెన్ అవతల నిలబడి వినేది. నాకు ఒళ్ళు మండిపోయేది. దొంగలా ఆ వినడమేమిటి?

అప్పట్లో సతీష్ అని ఒకబ్బాయి వచ్చాడు. హైదరాబాదు కుర్రాడు, సాఫ్ట్‌వేర్. క్రికెట్ ఆడుతూ ఎడమ చేతి వేలు విరగ్గొట్టుకున్నాడు. తెలుగు పేషెంటు దొరికాడని నాకు పండగే. వేలు ఎలా వంచాలో, రోజుకి ఎన్నిసార్లు వంచాలో అరగంట చెప్పి, బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టాను. "అర్థమైందా?" అన్నాను. "అయింది అక్కా, మంచిగ అయింది" అన్నాడు. మూడు వారాల తరవాత వస్తే వేలు కర్రలా బిగుసుకుపోయి ఉంది.

"ఏం బాబూ, చెయ్యడం లేదా?" అన్నాను.

"అయ్యో, రోజూ చేస్తున్న అక్కా. అలారం పెట్టుకుని మరీ చేస్తున్న."

"ఏదీ, చేసి చూపించు."

కుడి చెయ్యి ఎత్తి, చక్కగా, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసి చూపించాడు. బాగున్న చెయ్యి! కాగితంలో బొమ్మ కుడి చేతిది మరి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఈ చెయ్యికెందుకురా నాయనా?" అంటే, "ఇది చేస్తే ఆ చేతి నరానికి పోతది అనుకున్న అక్కా" అన్నాడు అమాయకంగా.

ఆ సాయంత్రం మార్గరెట్ నన్ను పిలిచి ఒకే మాట అంది. "అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. చేసి చూపించమని మొదటి రోజే అడుగు." నేను మొహం మాడ్చుకుని సరే అన్నాను. కానీ ఆవిడ మాటే సరైంది. సతీష్ వేలు దారికి రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. పాపం, ఎప్పుడు కనిపించినా ఎడమ చెయ్యే ఎత్తి నమస్కారం పెట్టేవాడు.

గిల్లీ

డంకన్ మొదటిసారి వచ్చినరోజు ఫైల్లో వృత్తి దగ్గర ఒక మాట రాసుంది, గిల్లీ అని. నేను పకపకా నవ్వాను. మా పనిలో చేతి బలం చూడాలంటే మొదట చేయించేది గిల్లించడమే. ఇక్కడ ఎవరో గిల్లడమే వృత్తిగా పెట్టుకున్నాడా అనుకున్నాను. తీరా అడిగితే, నది మీద చేపలు పట్టడానికి వచ్చే అతిథులకి దారి చూపించే మనిషిని ఇక్కడ అలా పిలుస్తారట. పడవ నడపడం, ఎర కట్టివ్వడం, గడ ఎలా విసరాలో నేర్పడం, చివరికి చేప ఒడ్డుకి వచ్చాక దాన్ని వలలోకి తియ్యడం అన్నీ అతని పనే. ఒక ఎస్టేట్ వాళ్ళ దగ్గర ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. తెలుగులో గిల్లీ అంటే ఏమిటో చెప్పి, చేతి మీద చిన్నగా గిల్లి చూపిస్తే, ఆ పెద్ద గడ్డం మనిషి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

చెయ్యి మాత్రం నవ్వే పరిస్థితిలో లేదు. నీళ్ళలో దిగి పడవ తాడు కోస్తుంటే కత్తి జారి, ఎడమ అరచేతిలో దిగింది. ఉంగరం వేలినీ చిటికెన వేలినీ ముడిచే తాళ్ళు రెండూ తెగిపోయాయి. పుస్తకాల్లో స్నాయువులంటారు, మనవాళ్ళు నరం అనేస్తారు. చిటికెన వేలే కదా అని తీసిపారెయ్యకండి. బకెట్టు ఎత్తినా, తాడు లాగినా, చేప తోక పట్టుకున్నా, అసలు పట్టు ఆ చివరి రెండు వేళ్ళదే.

కుట్టిన నరంతో ఒక చిక్కుంది. ఆరు వారాలకి వేలు చక్కగా వంగుతుంది, నొప్పి ఉండదు, పేషెంటు మొహం వెలిగిపోతుంది. లోపల మాత్రం అతుకు ఇంకా పచ్చిగానే ఉంటుంది. పన్నెండు వారాలు నిండేదాకా బరువు పడకూడదు. ఈ మధ్యలో ఉన్న ఆరు వారాలే మా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టం.

డంకన్ ఏడో వారంలో వచ్చాడు. దిగులుగా ఉన్నాడు. ఈ చెయ్యి ఇక పనికిరాదనీ, నది పని పోతే తనకి ఇంకేమీ చేతకాదనీ, ఆ రోజు మొదటిసారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. వేళ్ళు చూశాను, బ్రహ్మాండంగా వంగుతున్నాయి. ధైర్యం చెప్పాలనుకున్నాను. మన ఊళ్ళో డాక్టరు గారు జ్వరం వచ్చిన పిల్లాడి చెయ్యి పట్టుకు చూసి, "ఇంకేం లేదమ్మా, తగ్గిపోయినట్టే" అంటారు కదా, ఆ మాట నోటికొచ్చింది. అదే ఇంగ్లీషులో అనేశాను. "కన్సిడర్ ఇట్ హీల్డ్, డంకన్."

తెలుగులో ఆ మాట విన్న తల్లి మందులు ఆపెయ్యదు. "తగ్గిపోయినట్టే" అంటే తగ్గలేదనీ, తగ్గుతుందనీ, భయపడకమనీ ఆవిడకి తెలుసు. డంకన్‌కి తెలియదు. అతను విన్నది తగ్గిపోయిందనే. మామూలుగా బరువులు ఎత్తకు అని మళ్ళీ చెప్పి, కాగితం ఇచ్చి, నోటితో తిరిగి చెప్పించుకుని పంపాలి. అతను కళ్ళు తుడుచుకుంటుంటే చూస్తూ అదేదీ చెయ్యలేదు. బయట ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు.

నాలుగో రోజు నదికి వరదొచ్చింది. పడవ కొట్టుకుపోతుంటే డంకన్ రెండు చేతులా తాడు పట్టి లాగాడు. చేతిలో ఠప్పుమందట.

మంచి బాస్ చేసిన మేలు

రెండోసారి ఆపరేషనంటే మొదటిదానిలా ఉండదు. ముందు రబ్బరు గొట్టం లాంటిది పెట్టి దారి చెయ్యాలి, నెలల తరవాత కాలి నుంచి నరం తెచ్చి వెయ్యాలి, మళ్ళీ మొదటి నుంచి అన్నీ. డంకన్‌కి ఒక సీజను మొత్తం పోయింది.

నేను చేసిందేమిటో నాకు మా అమ్మాయి హారిక చెప్పేదాకా తెలియలేదు. వాట్‌ఫర్డ్‌లో పుట్టిన పిల్ల, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పి, "వరద అని పరిగెత్తాడు, మొండి మనిషి" అన్నాను. "వాట్ డిడ్ యూ టెల్ హిమ్, అమ్మా?" అంది. చెప్పాను. చెంచా కింద పెట్టేసి, "అమ్మా, దట్ మీన్స్ ఇట్స్ డన్. యూ టోల్డ్ హిమ్ ఇట్ వజ్ డన్" అంది. నాకు తల తీసేసినట్టయింది.

మర్నాడు అప్పటి నా బాస్ సైమన్ దగ్గరికి వెళ్ళాను. సైమన్ మంచివాడు. మా పిల్లల పుట్టినరోజులు గుర్తుంటాయి, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా తనే డ్యూటీ చేస్తాడు. విషయం సగం చెప్పానో లేదో చెయ్యి అడ్డం పెట్టాడు. "విజయా, వరదలో పడవ లాగమని నువ్వు చెప్పావా? లేదు కదా. ఈ నది మనుషులు ఎవరి మాటా వినరు. సలహాకి విరుద్ధంగా బరువు ఎత్తాడు అని రాద్దాం, అయిపోతుంది." తనే రాశాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

ఆ క్షణంలో నాకు ఎంత హాయనిపించిందో మీకు చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. సిగ్గూ లజ్జా లేకుండా హాయనిపించింది. తిట్టే బాస్ మీద ఎదురు తిరగగలం. వెనకేసుకొచ్చే బాస్ ముందు నోరు పెగలదు. నా తప్పు ఆయన దయ కిందికి వెళ్ళిపోయింది, నేను దాన్ని బయటికి లాగలేదు. సైమన్ చేసింది తప్పే, కానీ ఆయనకి సగమే తెలుసు. మిగతా సగం చెప్పకుండా కుర్చీలోంచి లేచి వచ్చేసింది నేను.

ఆ తరవాత ఏడాదిపాటు డంకన్ చేతిని సొంత చెయ్యిలా చూసుకున్నాను. క్లినిక్ అయిపోయాక కూర్చోబెట్టి చేయించాను. అతను నన్ను దేవతలా చూసేవాడు, అది ఇంకా నరకం. ఆఖరి అపాయింట్‌మెంట్ రోజు అన్నాడు, "ఈ సీజనులో ఒకరోజు నదికి రా విజయా. నీకో సాల్మన్ పట్టిస్తాను." వస్తాను, చూస్తాను అని నెలల తరబడి దాటేశాను. సెప్టెంబరులో, రిటైర్మెంటుకి ఇంక రెండు నెలలుందనగా, మా ఆయనే ఒప్పేసుకున్నాడు.

నది దగ్గర

నడుం పైదాకా వచ్చే రబ్బరు ప్యాంటు వేసి, రెండు చేతులా పట్టుకోవలసిన పదిహేను అడుగుల గడ ఇచ్చి, డంకన్ నన్ను మోకాలిలోతు నీళ్ళలో నిలబెట్టాడు. మా ఆయన ఒడ్డున మడతకుర్చీ వేసుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

"పడితే ఎలా వండుతారండీ ఇక్కడ?" అని అడిగాడు డంకన్‌ని.

"వండం. వదిలేస్తాం" అన్నాడు డంకన్.

"వదిలేస్తారా! ఇంత సరంజామా వేసుకుని, పట్టుకుని, మళ్ళీ వదిలేస్తారా?" నావైపు తిరిగి తెలుగులో, "విజ్జీ, మీ నరసాపురంలో పులసని పట్టి వదిలేశానంటే ఇంట్లోకి రానిస్తారా?" అన్నాడు.

పులస కూడా సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుందని చెబితే డంకన్ చాలా సంతోషించాడు. ఎన్ని మైళ్ళు వస్తుంది, ఏ నెలలో వస్తుంది అని గుచ్చి గుచ్చి అడిగాడు. కూర సంగతి చెప్పాక కొంచెం మొహం చిన్నబుచ్చుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఏమీ పడలేదు. ఒడ్డున ఉన్న చిన్న చెక్క గదిలో కూర్చుని పులిహోర తిన్నాం. అప్పుడు చెప్పాడు డంకన్, తల వంచుకుని, చాలా మామూలుగా. "ఇది నా ఆఖరి సీజనేమో విజయా. ఎస్టేట్‌కి వచ్చిన కొత్త మేనేజరు ఆసుపత్రి రిపోర్టు తెప్పించుకున్నాడు, సరేనని నేనే సంతకం పెట్టాను. సలహాకి విరుద్ధంగా అని రాసుంది కదా. ఆసుపత్రి మాట వినని మనిషి పడవలో అతిథుల భద్రత గురించి నా మాటేం వింటాడు అన్నాడు. సీజను చివర్లో నిర్ణయిస్తాడట." కాసేపాగి, "అతనన్నదాంట్లోనూ న్యాయముంది. మా ఐలీన్ కూడా అదే అంటుంది, నీకు చెవులున్నది టోపీ ఆగడానికే అని" అని నవ్వాడు. ఐలీన్ అతని భార్య.

నా చేతిలో పులిహోర అలాగే ఉండిపోయింది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను. "ఇంకొంచెం పెట్టుకో డంకన్" అన్నాను. అంత పిరికిదాన్ని.

మళ్ళీ నీళ్ళలో దిగిన పావుగంటకి గడ ఒక్కసారి వంగిపోయింది. ఎవరో కింద నుంచి పట్టుకుని లాగినట్టు. "ఓరి నాయనో!" అని అరిచాను, తెలుగులోనే. గడకున్న చక్రం కీచుమంటూ తిరిగిపోతోంది, లైను నది మధ్యకి పరిగెత్తిపోతోంది.

"పట్టుకోకు! పోనీ! పోనీ!" అని అరిచాడు డంకన్. "అది పరిగెడితే నువ్వు ఊరుకో. అది ఆగితే నువ్వు చుట్టు. గడ మాత్రం దించకు."

అది పైకి ఎగిరింది. చేప కాదు, మనిషంత ఏదో ఎగిరినట్టుంది. మా ఆయన కుర్చీ తన్నేసి లేచాడు, డబ్బా దొర్లిపోయింది. డంకన్ గొంతు మారిపోయింది. "ఇరవై పౌండ్లు దాటుతుంది విజయా. ఈ ఏడాది ఈ నదిలో ఇంత చేప ఎవరూ చూడలేదు." మేనేజరుకి చూపించగలిగే చేప అన్నమాట. అతను పైకి అనలేదు, అనక్కర్లేదు.

అది పరిగెత్తడం, నేను ఊరుకోవడం. అది ఆగడం, నేను చుట్టడం. ఎంతసేపయిందో తెలియదు. జబ్బలు పడిపోయాయి. డంకన్ నాకు దిగువన నడుంలోతులో వల పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు చూశాను నీళ్ళ వేగం. ఆ వేగంలో, ఆ చల్లటి నీళ్ళలో, ఆ చేప ఒక్కసారి విదిలిస్తే ఆ వేళ్ళకి ఏమవుతుందో లెక్క కట్టడం నా ఉద్యోగం. కాలిలోంచి తీసిన ఆ నరం ఇంకోసారి తెగితే ఇక వెయ్యడానికేమీ ఉండదు. గడ కిందికి దించి లైను బిగబడితే చాలు, పుటుక్కున తెగిపోతుంది, చేప పోతుంది, చెయ్యి మిగులుతుంది. గడ మెల్లగా దించాను కూడా.

"గడ ఎత్తు!" డంకన్ నావైపు చూసి మండిపడ్డాడు. నా మనసులో ఏముందో కనిపెట్టేశాడు. "నా చెయ్యి సంగతి నేను చూసుకుంటాను. నీ గడ సంగతి నువ్వు చూసుకో!"

ఎత్తాను. ఇన్నేళ్ళలో ఏ పేషెంటూ నన్ను అలా కసరలేదు.

చేప అలిసి, పక్కకి ఒరిగి, వల దగ్గరికి వచ్చింది. వచ్చేసిందనుకున్నాం. ఎరకి రెండు కొక్కేలున్నాయి. ఒకటి దవడలో ఉంది. ఆఖరి నిమిషంలో చేప తల తిప్పేసరికి రెండోది వల అంచుకి పట్టేసింది, చేపేమో వల బయటుంది. ఇంకొక్క విదిలింపు చాలు, దవడ చీల్చుకుని పోతుంది. డంకన్ కుడి చెయ్యి వలని కదలకుండా బిగబట్టి ఉంది. మిగిలింది ఎడమ చెయ్యి.

"వద్దు డంకన్!" అన్నాను.

అతను ఎడమ చెయ్యి నీళ్ళలో ముంచి, చేప తోక దగ్గర సన్నటి చోట పట్టుకున్నాడు.

అది కొట్టుకుంది. నీళ్ళు అతని మొహం నిండా పడ్డాయి. నేను చేపని చూడలేదు, ఒట్టు. ఆ చివరి రెండు వేళ్ళనే చూస్తున్నాను. ఠప్పుమంటుంది, వేలు చాచుకుపోతుంది, ఇప్పుడో ఇంకాసేపటికో అని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. పట్టు వదల్లేదు.

"వచ్చి కొక్కెం తియ్యి. నీ వేళ్ళు సన్నం" అన్నాడు.

ఎలా వెళ్ళానో, ఎలా తీశానో. దవడలోంచి కొక్కెం సులువుగానే వచ్చింది. డంకన్ చేప తలని ప్రవాహానికి ఎదురు పెట్టి, తోక పట్టుకుని, దానికి ఊపిరి అందేదాకా అలాగే నిలబడ్డాడు. ఒడ్డు నుంచి మా ఆయన ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. చేప నా చెయ్యి పొడుగు కంటే ఎక్కువుంది, వెండి మీద రాగి రంగు తిరిగి, మొప్పలు మెల్లగా ఆడిస్తోంది. వదిలెయ్యి, ఇంక చాలు, వదిలెయ్యి అని లోపల మొత్తుకుంటున్నాను. అది బలంగా ఒక తన్ను తన్నింది. అప్పుడు డంకన్ చెయ్యి తెరిచాడు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు. చిటికెన వేలు కాస్త ఆగి, మెల్లగా తెరుచుకుంది. చేప వెళ్ళిపోయింది.

ఒడ్డుకి రాగానే ఆ చెయ్యి లాక్కున్నాను. మంచుగడ్డలా ఉంది. ఒక్కొక్క కణుపూ పట్టి, "వంచు. ఇది వంచు. ఇప్పుడిది" అన్నాను. వంగాయి. అన్నీ వంగాయి. నెత్తిమీద పాలు పోసినట్టయింది. అక్కడే గడ్డిలో కూలబడి బావురుమన్నాను. చేప పట్టినందుకు సంతోషమనుకుని డంకన్ వీపు తట్టాడు.

చెప్పాను

ఏడుస్తూనే చెప్పేశాను. ఏడో వారంలో నేనన్న మాట, మా భాషలో ఆ మాటకి అర్థం, మా అమ్మాయి చెప్పింది, సైమన్ రాసింది, నేను చూస్తూ కూర్చున్నది, ఏదీ దాచలేదు. తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

ఆ తరవాత ఏమైందో ముందే రాసేస్తాను. సోమవారం పొద్దున్నే సైమన్ దగ్గరికి వెళ్ళి మిగతా సగం చెప్పాను. తరవాత రికార్డు సరిదిద్దే కాగితాలు తనే తీశాడు. డంకన్ అనుమతితో మేనేజరుకీ ఉత్తరం వెళ్ళింది. నా మీద విచారణ జరిగింది, హెచ్చరిక వచ్చింది, రావలసిందే. సీజను అయ్యాక డంకన్‌ని కొనసాగించారు. మీరు ఇలాంటిది చేస్తే, చేస్తారు, అందరం చేస్తాం, ఆ రోజే చెప్పండి. నాలా నది దాకా రాకండి.

ఇక ఆ రోజు. నేను చెప్పడం అయ్యాక డంకన్ నదివైపు చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన ఏం చెయ్యాలో తెలియక కుర్చీ మడతపెడుతున్నాడు.

"మళ్ళీ చెప్పు. ఆ రోజు ఏమన్నావు?" అన్నాడు డంకన్.

"తగ్గిపోయిందనుకో, అన్నాను."

"ఆ మాటే నాకు గుర్తుంది" అన్నాడు. "సరిగ్గా అదే మాట. కానీ కాగితంలో వేరేలా ఉంది కదా. నువ్వు అలా అని ఉండవు, నాకు కావలసింది నేను విన్నాను అనుకున్నాను. ఏడాదిన్నరగా నా చెవుల మీద నాకే నమ్మకం లేదు విజయా. అతిథులు ఏదైనా చెప్తే రెండుసార్లు అడుగుతున్నాను. ఐలీన్ నన్ను డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళనివ్వడం లేదు."

నేను తల ఎత్తలేకపోయాను. చేతికి జరిగినదొక్కటే చూస్తూ కూర్చున్నాను ఇన్నాళ్ళూ.

కాసేపటికి పక్కన ఏదో చప్పుడైతే చూశాను. డంకన్ నవ్వుతున్నాడు. గడ్డంలోకి కన్నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, నా చేతిలో పెట్టాడు.

"నాకు కాదు. మా ఆవిడకి చెప్పు."

"హలో?" అంది ఐలీన్. నేనెవరో చెప్పి, మొదటి నుంచి మళ్ళీ అంతా చెప్పాను.

"అయితే ఆయన సరిగ్గానే విన్నాడా?" అంది.

"సరిగ్గానే విన్నాడండి" అన్నాను. కంగారులో 'అండి' తెలుగులోనే వచ్చేసింది.

"ఒకసారి ఆయనకివ్వండి."

ఫోన్ ఇచ్చాను. డంకన్ చెవి దగ్గర పెట్టుకుని, చాలాసేపు వింటూ నిలబడ్డాడు.